నరాల బలహీనత అంటే ఏమిటి? మన మెదడు, వెన్నుపాము, నరాల గురించి తెలుసుకుందాం



మా ఆసుపత్రి ఓ.పి.లో కూర్చుంటే రోజుకు పదిసార్లయినా వినపడే మాట ఒకటి ఉంది. "సిస్టరమ్మా, నరాల బలహీనత. ఒక మంచి సూది ఎయ్యండి." కాళ్ళు లాగినా నరాల బలహీనతే. చేతులకు జోము పట్టినా అదే. చెనిక్కాయ పెరికే రోజుల్లో నడుము పట్టేసినా అదే. నిద్ర పట్టకపోయినా, తల తిరిగినా, పిల్లవాడికి మూర్ఛ వచ్చినా అదే. బస్టాండు గోడల మీద కూడా నరాల బలహీనతకు మందు దొరుకుతుందని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఇన్ని రకాల బాధలకు ఒకే పేరు, ఒకే మందు ఎలా సరిపోతాయి?

కొన్నేళ్ళ క్రితం యాభై ఏళ్ళు దాటిన ఒక రైతును ఆటోలో పడుకోబెట్టి మా దగ్గరకు తెచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు ఆడటం లేదు. నోరు ఒక పక్కకు పోయింది. మాట లేదు. భార్య ఇలా చెప్పింది. "చేను కాడ నీళ్ళు కడతా కడతా కూలబడ్యాడు సిస్టరమ్మా. ఊర్లో డాక్టరు దగ్గరకు పోతే నరాల బలహీనత అన్యాడు. రెండు ఎర్ర సూదులు ఏసినాడు. తగ్గకపోతే పసరు మందుకు తీసుకపోయినాము." ఎప్పుడు కూలబడ్డాడమ్మా అని అడిగితే, "ఈరోజుకు నాలుగు దినాలు" అంది.

ఆ ఎర్ర సూది బి విటమిన్ సూది. అది మంచి మందే, అవసరమైన వాళ్ళకు. కానీ ఈయనకు బలహీనమైనది నరం కాదు. మెదడులో రక్తం పోయే దారి మూసుకుపోయింది. మొదటి నాలుగు గంటల్లో చేయగలిగినది నాలుగో రోజున చేయలేము. అందుకే మెదడు, వెన్నుపాము, నరాలు ఎక్కడుంటాయో, ఏ పని చేస్తాయో ఈ పాఠంలో చెప్పాలని అనుకున్నాను.

నరం వేరు, రక్తనాళం వేరు

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. మన తెలుగులో నరం అనే మాటను రెండింటికీ వాడతాం. గ్లూకోజ్ ఎక్కించేటప్పుడు "నరం దొరకలేదు" అంటాం. చేతి మీద పచ్చగా, నీలంగా ఉబ్బి కనిపించేది నిజానికి నరం కాదు, రక్తనాళం. దానిలో రక్తం పారుతుంది. అసలు నరం తెల్లటి దారంలా ఉంటుంది. దానిలో రక్తం పారదు, కబురు పారుతుంది. చర్మం పైనుంచి చాలా నరాలు కనిపించవు. ఒకటి మాత్రం మీకు బాగా తెలుసు. మోచేతి లోపలి పక్క గడపకో బల్లకో తగిలితే చిటికెన వేలు దాకా జిల్లుమంటుంది కదా, అక్కడ ఎముక వెనుక నుంచి పోయేది నరమే.

మోటారుకు పోయే కరెంటు తీగ ఒకటి, నీళ్ళు వచ్చే పైపు ఒకటి. బోరు పోయకపోతే తీగ తెగిందా, పైపు పగిలిందా, మోటారే కాలిందా అని ముందు చూస్తాం. మనిషి విషయంలోనూ అంతే. చెయ్యి లేవడం లేదంటే తప్పు చేతిలోనే ఉందని అనుకోకూడదు. చేతి నుంచి మెడ దాకా, మెడ నుంచి మెదడు దాకా తీగ ఎక్కడ దెబ్బతిన్నదో చూడాలి.

మెదడు

పొట్టేలు తలకాయ వండే ఇండ్లలో మెదడు ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. మెత్తగా, వెన్నలాగా, ముడతలు ముడతలుగా ఉంటుంది. మనిషి మెదడూ అలాంటిదే, పెద్దది. పెద్దవాళ్ళలో 1,300 నుంచి 1,400 గ్రాముల బరువు. దానిలో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఇంత మెత్తని దాన్ని దేవుడు గట్టి పుర్రెలో పెట్టాడు. లోపల మూడు పొరలు చుట్టాడు. ఆ పొరల మధ్య నీటిలాంటి ద్రవం పోశాడు. అదంతా కలిపి 150 మిల్లీలీటర్లకు మించదు. మెదడు ఆ ద్రవంలో తేలుతూ ఉంటుంది కాబట్టి చిన్న చిన్న కుదుపులకు దెబ్బతినదు. కానీ మోటారు సైకిలు మీద నుంచి పడితే ఆ ద్రవం కాపాడలేదు. హెల్మెట్ కావాలి.

మెదడు బరువు మన ఒంటి బరువులో నూటికి రెండు వంతులే. అయినా మనం పీల్చిన ఆక్సిజన్‌లో ఐదో వంతు అదే వాడుకుంటుంది. యాభై మంది కూర్చున్న పెళ్ళి పంక్తిలో ఒక్కడే పదిమంది భోజనం తిన్నట్టు. పైగా రేపటి కోసం గాదెలో దాచుకునే అలవాటు దానికి లేదు. ఎప్పటికప్పుడు రక్తం తెచ్చి పెట్టాలి. మెదడుకు రక్తం పూర్తిగా ఆగితే పది సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలకు కణాలు చావడం మొదలవుతుంది. చనిపోయిన నాడీకణం చర్మంలాగా మళ్ళీ పుట్టుకు రాదు.

మెదడులో పెద్ద మెదడు, చిన్న మెదడు, మెదడు కాండం అని మూడు భాగాలు. పెద్ద మెదడు రెండు సగాలుగా ఉంటుంది. నుదుటి వెనుక భాగం ఆలోచన, నిర్ణయం, కదలికలు చూసుకుంటుంది. దాని వెనుక భాగం స్పర్శను, చెవుల పక్క భాగాలు వినికిడిని, జ్ఞాపకాన్ని, తల వెనుక భాగం చూపును చూసుకుంటాయి. తల వెనుక దెబ్బ తగిలితే కళ్ళ ముందు మెరుపులు కనిపించేది అందుకే. మాట్లాడే శక్తి చాలామందికి ఎడమ సగంలో ఉంటుంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు, మాట పోయిన ఒక రోగి చనిపోయిన తర్వాత మెదడును పరీక్షించి, ఎడమ వైపు ముందు భాగం దెబ్బతిన్నదని చూపించాడు. ఆ చోటును ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

చిన్న మెదడు తల వెనుక, కింద ఉంటుంది. తూకం దాని పని. బిందె మీద బిందె పెట్టుకుని, చంకలో బిడ్డతో రాళ్ళ దారిలో నడిచే మన ఆడవాళ్ళ చిన్న మెదడు ఎంత గొప్పగా పనిచేస్తుందో చూడండి. సారా తాగినవాడు తూలేది కూడా చిన్న మెదడు మత్తులో పడటం వల్లనే. మెదడు కాండం మెడ పైన ఉంటుంది. ఊపిరి, గుండె కొట్టుకోవడం, మింగడం దాని ఆధీనంలో ఉన్నాయి. మనం నిద్రపోయినా అది నిద్రపోదు.

మెదడు కాండం కింది భాగంలో ఒక విచిత్రం ఉంది. కదలికల తీగల్లో ఎక్కువ భాగం అక్కడ అటువి ఇటు, ఇటువి అటు దాటుతాయి. కాబట్టి ఎడమ మెదడు కుడి చేతిని, కుడి మెదడు ఎడమ చేతిని నడిపిస్తాయి. మన రైతుకు కుడి చెయ్యి, కుడి కాలు, మాట కలిసి పోయాయంటే దెబ్బ ఎక్కడ తగిలిందో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఎడమ మెదడులో. ఆ కుడి చేతికి ఎన్ని సూదులు వేసినా, ఎంత పసరు రుద్దినా అది మెదడుకు చేరదు.

వడదెబ్బ కూడా మెదడు సమస్యే

మెదడు లోపల, చిక్కుడు గింజంత చోటులో ఒంటి వేడిని అదుపు చేసే కేంద్రం ఉంది. ఎండలో చెమట పట్టించేది, చలిలో వణికించేది అదే. మన అనంతపురం మెట్ట ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఉపాధి పనిలో మట్టి తవ్వుతూ, నీళ్ళు సరిగా తాగక, ఒంటి వేడి 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే ఆ కేంద్రం చేతులెత్తేస్తుంది. మనిషి తికమకగా మాట్లాడతాడు, తూలతాడు, పడిపోతాడు, ఫిట్స్ కూడా రావచ్చు. ఇది మామూలు జ్వరం కాదు, జ్వరం బిళ్ళ దీనికి పనిచేయదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్ళు పోసి విసరాలి. చంకల్లో, గజ్జల్లో తడిబట్ట పెట్టాలి. తెలివి లేని మనిషి నోట్లో మజ్జిగ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్ళు పోస్తూనే 108కు ఫోన్ చేయండి.

వెన్నుపాము

మెదడు నుంచి కిందికి దిగే పెద్ద తాడు వెన్నుపాము. చిటికెన వేలంత లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. వెన్నుపూసల మధ్య ఉన్న గొట్టంలో భద్రంగా ఉంటుంది. దాని నుంచి 31 జతల నరాలు ఒంట్లోకి పోతాయి. మెదడు నుంచి నేరుగా ముఖానికి, కళ్ళకు, చెవులకు, నాలుకకు పోయేవి వేరుగా 12 జతలు ఉన్నాయి.

ఇక్కడ ఆడవాళ్ళు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటి. "కాన్పు ఆపరేషనుకు వెన్నులో సూది వేశారు, అందుకే నడుము నొప్పి పోలేదు" అంటారు. వెన్నుపాము నడుము పైభాగంలోనే, మొదటి రెండు నడుము పూసల దగ్గర ఆగిపోతుంది. మత్తు సూది దానికంటే కింద, నరాల పోగులు నీళ్ళలో దారాల్లా తేలే చోట వేస్తారు. సూది పడిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండవచ్చు. ఏళ్ళ తరబడి ఉండే నడుము నొప్పికి సాధారణంగా బిందెలు, వంగి చేసే పని, రక్తహీనత, కాన్పు తర్వాత విశ్రాంతి లేకపోవడం కారణాలుగా ఉంటాయి. మత్తు సూదిని నిందిస్తే అవి అలాగే ఉండిపోతాయి.

వెన్నుపాము తెగితే ఆ కింద ఉన్నదంతా ఆగిపోతుంది. మెడ దగ్గర తెగితే చేతులు, కాళ్ళు రెండూ. నడుము దగ్గర అయితే కాళ్ళు, మూత్రం, విరేచనం. మన వైపు చింతకాయలు రాల్చే కాలంలో చెట్టు మీద నుంచి పడినవాళ్ళు వస్తుంటారు. నాకు బాధ కలిగించేది ఏమిటంటే, పడినప్పుడు కాళ్ళు ఆడుతూ ఉండి, తీసుకొచ్చేటప్పుడు పోయినవాళ్ళు కొందరుంటారు. పడగానే నలుగురూ పరుగెత్తి, చంకల్లో చేతులు పెట్టి లేపి కూర్చోబెడతారు, నీళ్ళు తాపిస్తారు, ఆటోలో మడిచి కూర్చోబెడతారు. విరిగిన పూస ఆ కదలికలో వెన్నుపామును కోసేస్తుంది. దయచేసి లేపకండి, కూర్చోబెట్టకండి. మెడ కదలకుండా ఒకరు తలను రెండు చేతులా పట్టుకోవాలి. మిగిలినవాళ్ళు మొద్దును దొర్లించినట్టు ఒక్కసారిగా, మెలిపడకుండా తిప్పి, కింద చెక్కపలకనో, తలుపు రెక్కనో జరిపి, దాని మీదే ఆసుపత్రికి తీసుకురావాలి. తలుపు పోతే మళ్ళీ చేయించుకోవచ్చు.

బోరు నీళ్ళు, గూని నడుము

వెన్నుపాముకు మన ప్రాంతంలో మరో శత్రువు ఉంది. అది నీళ్ళలో ఉంటుంది. మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. వాన లేనప్పుడు బోర్లు లోతుకు, ఇంకా లోతుకు వేస్తాం. రాతి పొరల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళలో ఫ్లోరైడ్ కరిగి ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. ముందు పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు చారలు వస్తాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఎముకల మీద, పూసలను కట్టి ఉంచే నారల మీద అది పేరుకుంటుంది. మెడ తిరగదు, నడుము వంగదు. పూసల లోపలి గొట్టం ఇరుకై వెన్నుపామును నొక్కేస్తుంది. అప్పుడు కాళ్ళు బిగుసుకుపోతాయి, నడక పోతుంది, మూత్రం అదుపు తప్పుతుంది.

ఇది కొత్త విషయం కాదు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డాక్టర్ షార్ట్, ఆయన తోటివారు పరిశీలించి 1937లోనే ప్రచురించారు. అనంతపురం జిల్లాలో 1995-96లో సత్యసాయి మంచినీటి పథకం ద్వారా 700కు పైగా గ్రామాలకు నీళ్ళు వచ్చాయి. మంచి పని ఎవరు చేసినా మంచి పనే. 2022లో మన జిల్లా రెండు జిల్లాలయింది గానీ, కింద ఉన్న రాయి మారలేదు. పైపు నీళ్ళు రాని రోజున మళ్ళీ పాత బోరు దగ్గరకే బిందెలు పోతాయి.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. నీళ్ళు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని అనుకుంటారు. పోదు. నీళ్ళు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కబడుతుంది. కాచితే చచ్చేది క్రిములు మాత్రమే. మీ బోరు నీళ్ళను పరీక్ష చేయించమని పంచాయతీలో అడగండి. ఎక్కువ ఉంటే వంటకూ తాగడానికీ వేరే నీళ్ళు, లేదా ఆర్.ఓ. నీళ్ళు వాడాలి. పిల్లలకు పాలు, రాగులు, ఉసిరికాయ పెట్టండి. ముసలాయన కాళ్ళు బిగుసుకుపోతుంటే వయసు అని వదిలేయకండి. ఎక్కడ నొక్కుకుపోయిందో స్కాన్‌లో తెలుస్తుంది, కొందరికి ఆపరేషన్‌తో మేలు జరుగుతుంది.

నరాలు: కబురు పోయేవి, కబురు తెచ్చేవి

నరాల్లో రెండు రకాల తీగలు ఉంటాయి. ఒకటి మెదడు ఆజ్ఞను కండరానికి చేరుస్తుంది. రెండోది చర్మం నుంచి వేడి, చలి, నొప్పి కబురును మెదడుకు చేరుస్తుంది. వేగంగా పోయే నరంలో కబురు సెకనుకు వంద మీటర్ల దాకా పోగలదు. సంగటి కుండ చేతికి తగిలిందనుకోండి. నొప్పి తెలియక ముందే చెయ్యి వెనక్కు వస్తుంది. ఆ నిర్ణయం మెదడు దాకా పోలేదు, వెన్నుపామే తీసుకుంది. "అబ్బా" అనేది ఆ తర్వాత.

నొప్పి లేకుంటే బాగుండునని రోగులు అంటుంటారు. నొప్పి లేని చేతులు నేను చూశాను. కుష్ఠు క్రిమి నరాల్లో కాపురం పెడుతుంది. మోచేతి దగ్గర, మోకాలి పక్కన నరాలు లావవుతాయి. స్పర్శ పోతుంది. ఉంగరం వేలు, చిటికెన వేలు ముడుచుకుంటాయి. అలాంటి ఒక తల్లి పొయ్యి మీద నుంచి కుండ దించి, చెయ్యి కాలిన సంగతి బొబ్బ చూసి తెలుసుకుంది. కుష్ఠు వస్తే వేళ్ళు వాటంతట అవే కుళ్ళి రాలిపోతాయని పూర్వం నమ్మేవారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1940ల చివర నుంచి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, నొప్పి తెలియకపోవడం వల్ల కాలినవి, కోసుకున్నవి, ఎలుకలు కొరికినవి గమనించక వేళ్ళు పోతున్నాయని గుర్తించారు. ముడుచుకున్న చేతులకు ఆపరేషన్ చేసి మళ్ళీ పనికి వచ్చేలా చేశారు.

కుష్ఠు 2005 డిసెంబరు నాటికి దేశంలో అదుపులోకి వచ్చిందని ప్రకటించారు. అదుపులోకి రావడం వేరు, లేకుండా పోవడం వేరు. ఇప్పటికీ కొత్త రోగులు వస్తున్నారు. చర్మం మీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ దురద, నొప్పి, స్పర్శ లేకపోతే వెంటనే ఆశా కార్యకర్తకు చూపించండి. మందు ఆరు నెలలో, ఏడాదో. పూర్తిగా ఉచితం. షుగరు జబ్బు కూడా పాదాల నరాలను ఇలాగే మొద్దుబారుస్తుంది. షుగరు ఉన్నవాళ్ళు ప్రతి రాత్రీ అరికాళ్ళు చూసుకోవాలి, చెప్పులు లేకుండా చేనికి పోకూడదు.

నరం కండరాన్ని కలిసే చోట ఒక రసాయనం కబురు అందిస్తుంది. కబురు అందగానే దాన్ని తుడిచేసే మరో పదార్థం ఉంది. మనం పైర్లకు కొట్టే కొన్ని పురుగుమందులు ఆ తుడిచే పదార్థాన్నే ఆపేస్తాయి. అప్పుడు కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. నోట్లో చొంగ, ఒంటికి చెమట, కంటిపాప చిన్నదవడం, కండరాలు అదరడం, చివరికి ఊపిరి ఆగడం. తాగితేనే కాదు, బనియనుతో మందు కొట్టి ఒళ్ళు తడిస్తే చర్మం గుండా కూడా ఎక్కుతుంది. బట్టలు విప్పేసి సబ్బుతో ఒళ్ళంతా కడగండి. ఉప్పునీళ్ళు తాపి వాంతి చేయించకండి. డబ్బా వెంట తీసుకురండి, మందు పేరు తెలిస్తే మా పని సులువు. దీనికి విరుగుడు సూది ఉంది, ఆలస్యం కాకూడదు. మనసు విరిగి తాగినవారైనా సరే, మేము నిందించం. దాచిపెట్టకుండా తీసుకురండి.

మూర్ఛ గురించి రెండు మాటలు

మెదడు కణాలు చిన్న కరెంటుతో మాట్లాడుకుంటాయి. ఒక్కసారిగా అన్నీ కలిసి అరిస్తే అదే మూర్ఛ. గాలి సోకడం కాదు. చేతిలో తాళాల గుత్తి పెడితే ఆగదు. అది సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో తనంతట తానే ఆగుతుంది, మనం తాళాల వల్ల అనుకుంటాం. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రి. మాత్రలు డాక్టరు చెప్పేదాకా ఆపకూడదు, పెళ్ళి కుదిరిందని దాచిపెట్టి ఆపేసేవాళ్ళు ఎక్కువ. కొందరికి మెదడులో పురుగు తిత్తుల వల్ల కూడా మూర్ఛ వస్తుంది. పంది మాంసం తిననివాళ్ళకు కూడా వస్తుంది, ఎందుకంటే ఆ గుడ్లు మురికి చేతుల ద్వారా, సరిగా కడగని ఆకుకూరల ద్వారా కడుపులోకి పోతాయి.

పక్షవాతం: గడియారం చూడండి

ఇప్పుడు మన రైతు దగ్గరకు వద్దాం. పక్షవాతంలో నూటికి ఎనభై మందికి పైగా రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవడం వల్ల, మిగిలిన వాళ్ళకు రక్తనాళం చిట్లడం వల్ల వస్తుంది. రెండింటికీ పెద్ద కారణం బి.పి. బి.పి.కి నొప్పి ఉండదు కాబట్టి మాత్రలు మానేస్తారు. పెద్ద నాళం మూసుకుపోతే ఒక్క నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని లెక్కగట్టారు.

గడ్డను కరిగించే సూది ఉంది. 1995లో అమెరికాలో మూడు గంటల్లోపు ఇస్తే మేలని తేలింది. 2008లో ఐరోపాలో నాలుగున్నర గంటల దాకా ఇవ్వవచ్చని తేలింది. అయితే ముందు సి.టి. స్కాన్ తీసి, నాళం చిట్లలేదని చూడాలి. చిట్లినవారికి ఆ సూది ఇస్తే ప్రాణం పోతుంది. కనుక స్కాన్ లేని చోట తిరిగిన ప్రతి అరగంటా నష్టమే. మాలాంటి చిన్న ఆసుపత్రికి వచ్చినా మేము చక్కెర చూసి, వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపిస్తాం. ముందే స్కాన్ ఉన్న చోటికి పోతే ఇంకా మంచిది.

ఎలా గుర్తించాలి? నవ్వమనండి, మూతి ఒక పక్కకు పోతుందా చూడండి. రెండు చేతులూ ఎత్తమనండి, ఒకటి కిందికి జారుతుందా చూడండి. పేరు, ఊరు చెప్పమనండి, మాట ముద్దగా వస్తుందా వినండి. ఒక్కటి ఉన్నా చాలు, గడియారం చూసి 108కు ఫోన్ చేయండి. 2005లో మన రాష్ట్రంలో ఆ బండి మొదలైనప్పటి నుంచి ఎందరి ప్రాణాలో నిలిచాయి. నిద్రలేచేసరికి పక్షవాతం కనబడితే, చివరిసారి బాగున్న సమయం డాక్టరుకు చెప్పండి, అంటే రాత్రి పడుకున్న వేళ.

మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువు గల మనిషిని నలుగురు మోసుకొస్తారు. గుంపులో దారి లేకపోతే ఇంటి కప్పు విప్పి దించుతారు. ఆదివారం బడిలో పిల్లలకు ఆ కథ చెప్పేటప్పుడు నేను ఆ నలుగురి తొందర గురించే ఎక్కువ చెబుతాను. వాళ్ళు దారిలో వేరే ఎక్కడా ఆగలేదు.

చేయకూడనివి కూడా చెప్పాలి. ముక్కులో, కంట్లో పసరు పోయకూడదు. నీళ్ళు, కాఫీ తాపకూడదు. మింగే శక్తి పోయి ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేస్తుంది. నాలుక కింద బి.పి. మాత్ర పెట్టకూడదు, బి.పి. ఒక్కసారిగా పడిపోతే మెదడుకు చేరే కాస్త రక్తమూ ఆగిపోతుంది. స్కాన్ కాకముందు రక్తం పలుచన చేసే మాత్ర ఇవ్వకూడదు.

ఆలస్యమైనవాళ్ళకు ఇక ఏమీ లేదా? ఉంది, అది నర్సుల పని, ఇంటివాళ్ళ పని. ఆ రైతును మేము రెండు గంటలకొకసారి పక్క మార్చి పడుకోబెట్టాం, లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. మింగగలుగుతున్నాడని చూసిన తర్వాత, నిటారుగా కూర్చోబెట్టి చిక్కటి రాగి జావ చెంచాతో పెట్టాం. పలుచటి నీళ్ళకంటే చిక్కటి జావ పొరపోకుండా దిగుతుంది. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపవద్దని భార్యకు నేర్పించాం, భుజం కీలు జారిపోతుంది. మొదట్లో ఆమె అలాగే లాగేది, పాపం, ఆమెకు ఎవరు చెప్పారు? చనిపోయిన కణాలు రావు గానీ, పక్కన బతికి ఉన్న కణాలు వాటి పని నేర్చుకోగలవు. అదే పనిని రోజూ వందసార్లు చేయించాలి. మొదటి మూడు నెలల్లో ఎక్కువ మెరుగు వస్తుంది, ఆ తర్వాత కూడా కొంచెం కొంచెం వస్తుంది. ఆయన కోసం వార్డులో ప్రార్థన చేశాం. ఫిజియోథెరపీ ఒక్క పూట కూడా మానలేదు. గిన్నెలో చెనిక్కాయ గింజలు పోసి, కుడి చేత్తో ఒక్కొక్కటే ఏరి రెండో గిన్నెలో వేయమనేవాళ్ళం. మొదటి వారం ఒక్క గింజ కూడా పట్టలేకపోయాడు. కోపం వచ్చి గిన్నె తోసేశాడు. మరునాడు మళ్ళీ పెట్టాం.

ఐదో నెలలో బి.పి. మాత్రల కోసం కర్ర పట్టుకుని తానే నడిచి వచ్చాడు. మాట నిదానంగా, ముక్కలు ముక్కలుగా వస్తోంది. చొక్కాకు కింది మూడు బొత్తాలు పెట్టుకుని ఉన్నాడు, పై రెండూ ఊడి ఉన్నాయి. పెడదామని నేను చెయ్యి చాపితే భార్య నవ్వి, "వద్దు సిస్టరమ్మా, నన్నే ముట్టనియ్యడు. అవి రెండూ వచ్చే నెలకు తనే పెట్టుకుంటాడంట" అంది. ఆ రోజు బి.పి. 130/80 ఉంది. నెలకు సరిపడా మాత్రలు ఇచ్చి, ఉప్పు, ఊరగాయ తగ్గించమని చెప్పి పంపించాను.